ముందు ఆ పాకెట్టు చేతిలో పెట్టండి

ఊళ్లలో వైద్యం చేసే ఆర్ఎంపీ డాక్టర్లకు, మెడికల్ షాపులు నడిపే అన్నదమ్ములకు,

నమస్కారం. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. అందులో పంతొమ్మిదేళ్లు పిల్లల వార్డులోనే గడిచాయి. ఇప్పుడు విజయనగరం జిల్లాలో మా అత్తవారి ఊళ్లో ఉంటున్నాను. చుట్టుపక్కల మీలో చాలామందికి నేను తెలుసు. ఊరంతా సిస్టరమ్మ అంటుంది, మీరూ అలాగే పిలుస్తారు.

మీ మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది మీరేనని నాకు తెలుసు. పీహెచ్‌సీ మూసేశాక, చేతిలో డబ్బుల్లేని రోజున, వానలో బిడ్డని చంకనేసుకొని వచ్చిన తల్లికి ముందు కనబడేది మీ దీపమే. అందుకే మోషన్లు పట్టుకున్న బిడ్డకి ముందు అందాల్సిన ఓఆర్ఎస్ పాకెట్టు గురించి, ఒంట్లోంచి పోయిన నీళ్లూ ఉప్పూ తిరిగి నింపే ఆ పొడి గురించి, ఈ మాట కలెక్టరుగారికో మంత్రిగారికో కాకుండా మీకు రాస్తున్నాను.

మొన్న ఆషాఢంలో మా వీధి చివరి ఇంటి పిల్లాడికి మోషన్లు పట్టుకున్నాయి. పదకొండు నెలలవాడు. తెల్లారినప్పటి నుంచి పది పన్నెండుసార్లు నీళ్లలా అయ్యాయట. సాయంత్రం ఐదింటికి వాళ్ల అమ్మమ్మ వాణ్ని తీసుకొచ్చి మా అరుగు మీద కూర్చుంది. చేతిలో క్యారీబ్యాగు. అందులో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తీసి చూశాను. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన యాంటీబయాటిక్ సిరప్ ఒకటి. వాంతులకు చుక్కల మందు. పేగులకు మంచిదని ఇచ్చిన పౌడరు సాచెట్లు నాలుగు. పెద్దవాళ్లు మోషన్లు ఆగడానికి వేసుకునే లోపెరమైడ్ బిళ్ల, సగానికి విరిచి కాగితంలో చుట్టి ఉంది. ఒక జ్యూస్ డబ్బా. "మూడు వందల నలభై అయిందమ్మా" అంది ఆవిడ.

అన్నీ ఉన్నాయి. ఓఆర్ఎస్ పాకెట్టు లేదు. జింకు లేదు.

పిల్లాణ్ని ఒళ్లో వేసుకొని చూశాను. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు రావడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. నడినెత్తిన మాడు గుంటపడింది. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా మెల్లగా దిగింది. గ్లాసులో నీళ్లు చూపిస్తే మాత్రం రెండు చేతులూ చాచాడు. ఆ ఒక్కటి చూసి నా గుండె కుదుటపడింది. దాహం అడిగే బిడ్డని నోటి ద్వారానే నిలబెట్టవచ్చు. నోరు తెరవకుండా మగతగా పడిపోయిన బిడ్డయితే ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉంచకూడదు. ఆశాకి ఫోన్ చేసి, వీడు తాగకపోతే ఆసుపత్రికి బయలుదేరాలి, 108కి సిద్ధంగా ఉండమని చెప్పాను.

తర్వాత లీటరు సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, నా దగ్గరున్న ఓఆర్ఎస్ పాకెట్టు మొత్తం కలిపి, గ్లాసులోకి వంచుకొని చెంచాతో మొదలుపెట్టాం. వాడు ఎనిమిది కేజీలుంటాడు. కేజీకి 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో 600 మిల్లీలీటర్లు పట్టాలి. అంటే నూట ఇరవై చెంచాలు, రెండు నిమిషాలకొకటి. నాలుగో చెంచాకే వాంతి చేసుకున్నాడు. పది నిమిషాలు ఆగాం. మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి ఇంకా నెమ్మదిగా. మధ్యమధ్యలో వాళ్లమ్మ పాలిస్తోంది. ఏడున్నరకి కరెంటు పోయింది. సెల్‌ఫోను వెలుతురులో చెంచా నోటికందించాం. తొమ్మిదిన్నర దాటాక అమ్మమ్మ ఒళ్లోనే ఉచ్చ పోశాడు. చీరంతా తడిసింది. ఆవిడ చీర దులుపుకోలేదు, నా చేయి పట్టుకొని అలాగే కూర్చుండిపోయింది.

పిల్లల వార్డులో పనిచేసినవాళ్లకి ఆ తడి విలువ తెలుస్తుంది. ఒంట్లోకి నీళ్లు చేరాయి, మూత్రపిండాలు పనిచేస్తున్నాయి అని చెప్పేది అదే.

అప్పుడడిగాను ఆవిణ్ని, "ఓఆర్ఎస్ ఎందుకు తీసుకోలేదమ్మా?" అని. "డాక్టరుగారు ఇస్తే తీసుకుందునమ్మా. ఆయనే ఇవ్వలేదంటే అవసరం లేదేమో అనుకున్నాను" అంది. రెండ్రోజులాగి, మీలోనే ఒకరిని అడిగాను. ఎవరన్నది ఇక్కడ అనవసరం. ఆయన మంచివాడు, దాచకుండా చెప్పాడు. "నాకు తెలీక కాదు సిస్టరమ్మా. ఓఆర్ఎస్ చేతిలో పెడితే ఇదేం మందు అంటారు. సిరప్ లేదా, సూది లేదా అని అడుగుతారు. నేనివ్వకపోతే పక్క షాపుకి పోతారు."

మీరు ఇవ్వలేదు కాబట్టి వాళ్లు అడగలేదు. వాళ్లు అడగలేదు కాబట్టి మీరు ఇవ్వలేదు. ఈ ఇద్దరి మధ్యా పాకెట్టు డబ్బాలోనే ఉండిపోయింది.

ఇది మా ఊరి సంగతి మాత్రమే అనుకున్నాను. కాదట. 2024 ఫిబ్రవరిలో "సైన్స్" అనే పరిశోధన పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కర్ణాటక, బీహార్‌లలో 253 పట్టణాల్లో రెండు వేల మందికి పైగా ప్రైవేటు వైద్యం చేసేవాళ్ల దగ్గరికి, ఇంట్లో రెండేళ్ల బిడ్డకి మోషన్లు అని చెప్పే మనుషుల్ని పంపి చూశారు. ఏం ఇస్తారో, ఎందుకు ఇస్తారో లెక్క కట్టారు. ఓఆర్ఎస్ ఇవ్వకపోవడానికి స్టాకు లేకపోవడం, వేరే మందుల్లో లాభం ఉండడం చాలా చిన్న కారణాలని తేలింది. అన్నిటికన్నా పెద్ద కారణం, వచ్చినవాళ్లకి ఓఆర్ఎస్ ఇష్టం ఉండదని ఇచ్చేవాళ్లు అనుకోవడమట. ఇవ్వకపోవడంలో 42 శాతం ఆ ఒక్క అపోహ వల్లనే. వచ్చినవాళ్లు "మాకు ఓఆర్ఎస్ కావాలి" అని నోరు తెరిచి అడిగిన చోట ఇవ్వడం బాగా పెరిగింది.

అది చదివినప్పుడు బాధతో పాటు కొంచెం ఆశ కూడా కలిగింది. తెలియనితనమైతే చదువు చెప్పాలి, సరుకు లేకపోతే లారీలు పంపాలి. ఇది ఒక మాటతో విడిపోయే ముడి. మన దేశంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మోషన్లు పట్టుకున్న ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి అరవై మందికే ఓఆర్ఎస్ అందింది. జింకు అందింది ముప్పై మందికి. ప్రపంచంలో ఏటా దాదాపు 4.4 లక్షల మంది ఐదేళ్లలోపు పిల్లలు ఈ మోషన్లతోనే చనిపోతున్నారు. వాళ్లలో చాలామంది ప్రాణం తీసేది నేరుగా క్రిమి కాదు. ఒంట్లోంచి పోయిన నీళ్లూ ఉప్పూ తిరిగి రాకపోవడం.

"క్రిమి ఉందిగా సిస్టరమ్మా, యాంటీబయాటిక్ వేస్తే తప్పేంటి?" అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి కొంచెం వివరంగా చెప్పాలి.

పసిపిల్లల మోషన్లకు కారణాలేమిటని ఆఫ్రికాలో నాలుగు చోట్ల, ఆసియాలో మూడు చోట్ల పెద్ద అధ్యయనం జరిగింది. మన కోల్‌కతా అందులో ఒకటి. 2013లో ఫలితాలు వచ్చాయి. కాస్త ముదిరిన కేసుల్లో ఎక్కువ భాగానికి నాలుగే కారణాలు కనబడ్డాయి. రోటావైరస్ ఒకటి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఒకటి. మిగిలిన రెండే బ్యాక్టీరియా: విషాన్ని తయారుచేసే ఒక రకం ఈ.కోలి, షిగెల్లా. వైరస్‌కి యాంటీబయాటిక్‌తో పని లేదు. మీ షాపు ముందు నిలబడిన బిడ్డకి నీళ్ల విరేచనాలైతే, అందులో రక్తం లేకపోతే, ఆ సిరప్ చాలాసార్లు అసలు శత్రువు లేనిచోట పేల్చిన తుపాకీ అవుతుంది.

ఇక ఈ.కోలి. ఈ క్రిమి మనందరి పేగుల్లోనూ ఉంటుంది, చాలా రకాలు ఏ కీడూ చేయవు. విషం చేసే రకం మాత్రం కలుషితమైన నీళ్లతోనో పాలసీసా పీకతోనో లోపలికి పోయి చిన్నపేగు గోడకి అతుక్కుంటుంది. గోడని కొరకదు, చీల్చదు. విషం మాత్రం వదులుతుంది. ఆ విషానికి పేగు గోడ తన నీళ్లనీ ఉప్పునీ బయటికి కుమ్మరిస్తూనే ఉంటుంది. అలాంటి బిడ్డకి కూడా ముందు కావాల్సింది పోయిన నీళ్లు పోయినట్టు లోపలికి రావడం. బ్యాక్టీరియా అని తేలినా సరే, నీళ్ల విరేచనాలకు మొదటి మందు మారదు.

షిగెల్లా సంగతి వేరు. 1897లో జపాన్‌లో కియోషి షిగా కనిపెట్టిన క్రిమి ఇది. పది నుంచి వంద క్రిములు నోట్లోకి పోతే చాలు, జబ్బు చేస్తుంది. అందుకే ఒక బిడ్డకి వస్తే ఇంట్లో ఇంకొకరికి, ఆ పై అంగన్‌వాడీలో మరొకరికి చేతుల మీదుగా పాకుతుంది. ఇది పెద్దపేగు గోడలోకే చొరబడుతుంది. మన పెద్దవాళ్లు జిగట విరేచనాలు, రక్త విరేచనాలు అన్నది చాలాసార్లు దీన్నే. జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, పదే పదే కూర్చోవడం, కూర్చున్నా కాస్త జిగట, నెత్తుటి చారలు తప్ప ఏమీ రాకపోవడం. ఈ బిడ్డకి యాంటీబయాటిక్ కావాలి. నేను యాంటీబయాటిక్‌కి శత్రువుని కాదు. కానీ ఏది, ఎంత, ఎన్ని రోజులు అన్నది పిల్లల డాక్టరు చూసి రాయాలి. ఎందుకంటే షిగెల్లా ఒకదాని తర్వాత ఒకటిగా మన మందుల్ని ఓడిస్తూ వచ్చింది. ఒకప్పుడు పనిచేసినవి ఇప్పుడు చాలాచోట్ల పనిచేయడం లేదు. అక్కర్లేని వంద మంది పిల్లలకి మనం పోసిన సిరప్‌లే, నిజంగా అక్కర ఉన్న బిడ్డ దగ్గరికొచ్చేసరికి ఆ మందుని నిస్సారం చేశాయి. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లని హెచ్1 జాబితాలో పెట్టి, డాక్టరు చీటీ లేకుండా అమ్మవద్దని, అమ్మినవి వేరే రిజిస్టరులో రాయమని 2014 నుంచి నిబంధన ఉంది. ఆ రిజిస్టరు మీ కౌంటరు కిందే ఉంటుంది. దయచేసి దాన్ని ఇన్‌స్పెక్టరు కోసం కాకుండా ఆ బిడ్డ కోసం రాయండి.

లోపెరమైడ్ గురించి ఒక్కమాట. ఇది బతిమాలి చెబుతున్నాను. పసిపిల్లలకి ఆ బిళ్ల విరిచి ఇవ్వకండి. అది పేగు కదలికను ఆపుతుంది. మోషన్లు ఆగినట్టు కనబడతాయి, ఇంట్లోవాళ్లు మీకు దండం పెడతారు. లోపల క్రిమీ విషమూ బయటికి పోయే దారి లేక అక్కడే ఉంటాయి. చాలా ఏళ్ల కిందట మా వార్డుకి ఏడాదిన్నర పాపని తీసుకొచ్చారు. మూడు రోజులు రక్త విరేచనాలు అయ్యాయి. ఎక్కడో బిళ్ల వేశారు, ఆగిపోయాయి. ఐదో రోజుకి పొట్ట డోలులా ఉబ్బి, ముట్టుకుంటే కేక పెడుతోంది. తండ్రి చేతిలో ఆ బిళ్లలు చుట్టిన కాగితం ఇంకా ఉంది, డాక్టరుకి చూపించడానికి జాగ్రత్తగా పట్టుకొచ్చాడు. ఆ పాపని మేం కాపాడలేకపోయాం. ఆ కాగితం మడతలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇప్పుడు పాకెట్టు గురించి. మీరే దాన్ని చిన్నచూపు చూస్తే తల్లులు ఎలా గౌరవిస్తారు? అందుకే ఆ పొడి ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పనివ్వండి.

1971. బంగ్లాదేశ్ యుద్ధం. లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోకి వస్తున్నారు. బన్‌గావ్‌లో శిబిరాలు, వాటిలో కలరా. ఆసుపత్రి గచ్చు మీద మలమూత్రాల మధ్యే రోగులు. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. ఉన్నవి ఎక్కించడానికి నరం దొరికించుకోగలిగిన చేతులు చాలడం లేదు. అక్కడున్న పిల్లల డాక్టరు దిలీప్ మహలనబిస్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల మామూలు ఉప్పు, రెండున్నర గ్రాముల తినే సోడా. పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపించి, పక్కనున్న బంధువుల చేతికే కప్పులిచ్చి తాగించమన్నాడు. నర్సులు కారు, కాంపౌండర్లు కారు. అమ్మలు, అన్నలు, పక్కింటివాళ్లు. నూటికి ముప్పై మంది దాకా చనిపోతున్నచోట ఆ సంఖ్య నాలుగు లోపుకి దిగింది. ఆయన 2022 అక్టోబరులో చనిపోయాడు. ఆ తర్వాత 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ఆయన దగ్గర స్పెషలిస్టులు లేరు, ఏసీ గది లేదు, ల్యాబు లేదు. అన్నదమ్ములారా, ఒకసారి మీ గది చూసుకోండి. ఓఆర్ఎస్ పెద్దాసుపత్రి కోసం పుట్టిన మందు కాదు, మీలాంటి చోటు కోసమే పుట్టింది.

అది పనిచేసే తీరు కూడా అద్భుతంగా ఉంటుంది. పేగు గోడలో చిన్న చిన్న తలుపులున్నాయనుకోండి. ఉప్పులోని సోడియం ఒంటరిగా వస్తే లోపలికి పోవడం కష్టం. గ్లూకోజు చేయి పట్టుకొని వస్తే రెండూ కలిసి ఒకే తలుపులోంచి పోతాయి. వాటి వెంట నీళ్లు వెళ్తాయి. కలరా విషమైనా ఈ.కోలి విషమైనా మిగతా దారుల్ని చెడగొట్టగలదు గానీ ఈ తలుపుని మూయలేదు. అందుకే మోషన్లు అవుతుండగానే, కుండకి చిల్లి ఉండగానే నీళ్లు నింపగలుగుతాం. ఈ సంగతిని గురించే 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక, ఈ శతాబ్దంలో వైద్యంలో అతి ముఖ్యమైన ముందడుగు ఇదే కావచ్చని రాసింది. పెద్దాసుపత్రుల్లో గుండెలు మారుస్తున్న రోజుల్లో రాసిన మాట అది.

ఇప్పటి పొడి ఇంకా మెరుగైంది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత మార్చింది. లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9. గ్లూకోజు ఎక్కువైతే నీళ్లు పేగులోంచి ఒంట్లోకి పోవడానికి బదులు ఒంట్లోంచి పేగులోకి వస్తాయి, మోషన్లు ఎక్కువవుతాయి. అందుకే ఆ జ్యూస్ డబ్బాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తియ్యటి పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాసి ఏళ్ల తరబడి అమ్మారు. దీని మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఒంటరిగా ఎన్నేళ్లో పోరాడారు. చివరికి 2025 అక్టోబరు 14న, దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత లేని ఏ పానీయం మీదా ఆ మూడక్షరాలు ఉండకూడదని ఆదేశించింది. ఆ వార్త వచ్చాక శివరంజని గారు కన్నీళ్లు పెట్టుకోవడం టీవీలో చూసి నేనూ ఏడ్చాను. మీ ఫ్రిజ్‌లో పాత స్టాకు ఉంటే తీసేయండి. పేరు మార్చుకొని వచ్చిన డబ్బానైనా మోషన్ల బిడ్డకి ఇవ్వకండి.

పాకెట్టు ఇచ్చినంత మాత్రాన పని అయిపోదు. కలపడం చూపించాలి. ఇక్కడ జరిగే పొరపాట్లు నేను కళ్లారా చూశాను. లీటరుకి కలపాల్సిన పెద్ద పాకెట్టుని ఒక్క గ్లాసులో కలిపేస్తారు. నీళ్లు తక్కువ, ఉప్పు ఎక్కువ. అది బిడ్డ మెదడుకే ముప్పు. కొందరు రోజుకింత అని చెంచాడు పొడి తీసి, మిగతాది మడిచి గూట్లో పెడతారు. ఇంకొందరు రుచికి పంచదార వేస్తారు. 200 మిల్లీలీటర్లకి కలిపే చిన్న పాకెట్లు వేరుగా దొరుకుతాయి. రెండూ పక్కపక్కన ఉంటే తల్లి తికమకపడుతుంది. మీ దగ్గరున్నది ఏదో చెప్పి, లీటరు సీసా గుర్తు చూపించి, మీ ఎదురుగానే ఒకసారి కలిపించండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయమనండి. రెండేళ్లలోపు బిడ్డకి ఒక్కో మోషన్ తర్వాత చిన్న టీగ్లాసులో సగం నుంచి ఒక గ్లాసు దాకా, చెంచాతో, తొందర లేకుండా. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ. వాంతి అయిందని మానేయడమే అసలు నష్టం.

జింకు బిళ్ల కూడా దాంతో పాటే పెట్టండి. ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 మిల్లీగ్రాములది ఒకటి, రెండు నుంచి ఆరు నెలల మధ్య సగం, తల్లిపాలలోనో నీళ్లలోనో కరిగించి. మూడో రోజుకి మోషన్లు తగ్గగానే తల్లులు మానేస్తారు. 14 రోజులూ వేయమని చెప్పాలి. పేగు గోడ మానడానికి, రాబోయే రెండు మూడు నెలల్లో మళ్లీ రాకుండా ఉండడానికి అది పనికొస్తుంది.

తిండి ఆపించకండి. తల్లిపాలు అసలే ఆపించకండి. ఈ మాట రాస్తుంటే నా చేయి ఆగుతోంది. నాకంటే ముందు మా అమ్మకి ఒక కొడుకు పుట్టాడు. తొమ్మిది నెలలప్పుడు మోషన్లు పట్టుకున్నాయి. పళ్లొస్తున్నాయి, అందుకే అన్నారు కొందరు. నీళ్లు పడితే ఎక్కువవుతాయి, పాలు పడితే పులుస్తాయి అన్నారు పెద్దవాళ్లు. రెండ్రోజులు పాలూ నీళ్లూ ఆపేశారు. దాహంతో ఏడుస్తుంటే తడిగుడ్డ పెదాలకి అద్దారట. మా అమ్మ ఎనభై రెండేళ్లు బతికింది. చివరిదాకా ఆ తడిగుడ్డ సంగతి చెప్పి ఆగిపోయేది. ఎవరి తప్పూ లేదు, ఎవరికీ తెలియదు. ఆ తెలియని కాలం పోయింది కదా, మీ ముందుకొచ్చిన బామ్మ "పాలు మాన్పించమంటారా?" అని అడిగితే, వద్దమ్మా అని గట్టిగా చెప్పండి. గంజి, మజ్జిగ, పెరుగన్నం, మెత్తటి పప్పన్నం, అరటిపండు ఏది తింటే అది పెట్టమనండి. పళ్లొచ్చే వయసులోనే పిల్లలు నేల మీద పాకుతారు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, బయటి తిండి మొదలవుతుంది. మోషన్లు అందువల్ల, పంటి వల్ల కాదు.

మీరు సెలైన్ పెట్టే అలవాటు గురించీ చెప్పాలి. కిటికీ చువ్వకి సీసా వేలాడదీసి పసిబిడ్డ చేతిలో నరం కోసం నాలుగు చోట్ల పొడవడం చూశాను. మగతలో ఉన్న, తాగలేని బిడ్డకి సెలైన్ ప్రాణం పోస్తుంది. అది ఆసుపత్రిలో, లెక్క ప్రకారం, పక్కనుండి చూసుకుంటూ ఎక్కించాలి. తాగగలిగే బిడ్డకి నోరే మంచి దారి. మరి ఎవరిని వెంటనే పంపేయాలి? తాగడానికి నోరు తెరవని బిడ్డని, పిలిచినా పలకకుండా వాలిపోతున్న బిడ్డని, పెట్టిందంతా వాంతి చేసుకునే బిడ్డని, మలంలో రక్తం కనబడిన బిడ్డని, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయని బిడ్డని, రెండు నెలలు నిండని ఏ పసిగుడ్డునైనా. వీళ్లని మీ దగ్గర ఒక పూట కూడా ఉంచుకోకండి. ఆటోలో ఎక్కించేటప్పుడు కూడా తాగగలిగితే గ్లాసూ చెంచా చేతికిచ్చి పంపండి. దారి పొడవునా తాగించమనండి.

నీళ్ల పైపులు, మురుగుకాలవలు మీ చేతిలో లేవు. 2024 అక్టోబరులో మా జిల్లాలోనే గుర్లలో మోషన్లు ప్రబలినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుంది. బడి గదుల్లో బెంచీల మీద పడుకోబెట్టి సెలైన్లు పెట్టారు, మనుషులు చనిపోయారు. ఆ బాధ్యత పంచాయతీలది, నీటి సరఫరా శాఖది, ప్రభుత్వానిది. వాళ్లకి వేరే ఉత్తరం రాస్తాను. కానీ ఒక వీధి నుంచి రోజుకి నలుగురైదుగురు పిల్లలు మోషన్లతో వస్తున్నారంటే అందరికన్నా ముందు తెలిసేది మీకే. ఆ రోజే ఏఎన్‌ఎమ్‌కి ఒక ఫోన్ చేయండి. టీకాల సంగతీ ఒకసారి అడగండి. రోటావైరస్ టీకా మన హైదరాబాద్‌లో తయారైంది, 2016లో దేశంలో మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి నోట్లో వేస్తారు, ఉచితంగా.

లాభం గురించి మీరు నోరు తెరిచి అనరు, నేనే అంటాను. పాకెట్టు మీద మిగిలేది తక్కువ. సిరప్ మీద మిగిలేది ఎక్కువ. మీకూ పిల్లలున్నారు, షాపు అద్దె ఉంది. నా మాట ఇది: పాకెట్టు ఇవ్వండి, కలిపి చూపించండి, బిడ్డని పడుకోబెట్టి చూడండి, రేపు పొద్దున్న మళ్లీ తీసుకురమ్మనండి, చూసినందుకు మీ ఫీజు తీసుకోండి. పావుగంట తన బిడ్డని చూసిన మనిషికి డబ్బివ్వడానికి ఏ తల్లీ వెనకాడదు. పాకెట్టు కూడా కొనలేని వాళ్లొస్తే ఆశా దగ్గరా అంగన్‌వాడీలోనూ పీహెచ్‌సీలోనూ ఉచితంగా దొరుకుతుందని చెప్పండి.

తల్లులు ఇష్టపడరన్న భయం వదిలేయండి. మా వీధి అమ్మమ్మ ఆ రాత్రి తర్వాత ఇంకో రెండు పాకెట్లు అడిగి తీసుకెళ్లి దేవుడి గూట్లో పెట్టుకుంది. వీధిలో ఎవరి బిడ్డకి మోషన్లన్నా ఇప్పుడు గ్లాసూ చెంచా పట్టుకొని ఆవిడే బయలుదేరుతోంది. ఆవిడ అడగలేదు కాబట్టి వద్దనుకున్నది మనం.

మా మండలంలో ఉన్నవాళ్లకి ఒక మనవి. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా అరుగు మీదికి రండి. ఎవరూ పాఠం చెప్పరు. ఒక లీటరు సీసా, పాకెట్లు, చెంచాలు ఉంటాయి. కలపడం ఎలా చూపించాలో, చర్మం పట్టి చూడడం ఎలాగో, ఎవరిని పంపేయాలో కూర్చొని మాట్లాడుకుందాం. ఏఎన్‌ఎమ్‌నీ ఆశానీ కూడా పిలిచాను. మీ షాపులో పాకెట్లు అయిపోతే రాత్రి ఎన్నింటికైనా ఫోన్ చేయండి, నా నంబరు మీ అందరి దగ్గరా ఉంది. నా దగ్గర ఎప్పుడూ ఒక పెట్టె ఉంటుంది.

ఇట్లు,
మీ సిస్టరమ్మ
రిటైర్డ్ స్టాఫ్ నర్సు, విజయనగరం జిల్లా